వంకర పాపిడి

లోపలివాళ్లు రమ్మంటే తప్ప రక్తపిశాచి గుమ్మం దాటలేదు. ఈ దిక్కుమాలిన నియమం పెట్టిందెవరో గానీ, కనిపిస్తే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు, బట్టలు కుట్టే దుకాణం నుంచి వస్తుంటే ఒక పిశాచి నా మెడ కొరికింది. పాతిపెట్టిన గోతిలోంచి లేచి, ఎక్కడికి పోతాను, మా ఇంటికే వచ్చాను. నాన్న గడియ పెట్టేశాడు. అమ్మ ఏడ్చింది గానీ రమ్మనలేదు. వంటింటి కిటికీ తెరిచి పిలిచింది మా చెల్లెలే. అప్పటికి అది చిన్నపిల్ల. చిట్టెలుక అనేదాన్ని.

"చలిలో నిలబడ్డావేంటే అక్కా? లోపలికి రా!"

అప్పట్నుంచి పొద్దు గూకగానే వెళ్లేదాన్ని. కసాయి కొట్టు నెత్తురుతోనే కడుపు నింపుకున్నాను, ఇంట్లో ఎవరి మీదా పన్ను పడనివ్వలేదు. అద్దంలో నేను కనిపించను కాబట్టి నాకు జడ వేసేది చెల్లెలే. పాపిడి ఎప్పుడూ వంకరే.

"నీకెలాగూ కనిపించదుగా!" అని కిసుక్కున నవ్వేది. ఆ సాయంత్రాలు తలుచుకుంటే, ఎప్పుడో ఆగిపోయిన నా గుండె కూడా నొప్పి పెడుతుంది.

చిట్టెలుక పెళ్లాడింది, పిల్లని కంది, ముసలిదైంది. కూతురు జడుసుకుంటుందని నా సంగతి దాచి, చాటుగా కలిసేది. ఈమధ్య దానికి మతిమరుపు ముదిరింది. కూతురు తన ఫ్లాటుకి తీసుకుపోయింది. కొత్త గుమ్మానికి కొత్త పిలుపు కావాలి. అది నన్ను మరిచిపోతే ఇక రమ్మనేవాళ్లు ఎవరూ లేరు.

చీకటి పడగానే వెళ్లి బెల్లు కొట్టాను. కూతురు తలుపు తీసింది.

"ఎవరు కావాలండీ?"

"మీ అమ్మగారిని చూడాలి. బాగా తెలుసు నాకు."

"అమ్మ నన్నే గుర్తుపట్టడం లేదండీ, మిమ్మల్నేం గుర్తుపడుతుంది? ఏమనుకోకండి." తలుపు వేయబోయింది.

వెనక నుంచి చెల్లెలు తొంగిచూసింది. బతుకంతా మరిచిపోయి మళ్లీ చిన్నపిల్లయిన దానికి, ఏమీ మారని మొహం నాదొక్కటే.

"అక్కా! ఇంతసేపా రావడం? నాన్న చూడకముందే లోపలికి రా!"

నా కాళ్లు వాటంతటవే గుమ్మం దాటాయి. కూతురు బిత్తరపోయింది. కానీ తల్లి నవ్వు చూసి చాలా రోజులైందేమో, పక్కకి తప్పుకుంది.

చెల్లెలు నన్ను గదిలోకి లాక్కెళ్లి, దువ్వెన నా చేతికిచ్చి అద్దం ముందు కూర్చుంది. "ఇవాళ నాకు నువ్వు వెయ్యి."

మెడ వంచింది. నరం కొట్టుకుంటోంది. ఒక్క గాటు వేస్తే ఇక నన్ను విడిచి పోదు. కానీ ఈ మతిలేనితనంలోనే కలకాలం ఉండిపోతుంది. చిట్టెలుకకి అంత అన్యాయం ఎలా చేస్తాను? పళ్లు బిగించి దువ్వాను.

"అక్కా, ఆ అద్దంలో ముసల్ది ఎవరే? నువ్వు కనిపించవేంటే?" భయంగా నా చెయ్యి పట్టుకుంది.

తువ్వాలు తీసి అద్దం మీద పడేశాను. "అది పాడైపోయిన అద్దంలే. ఇటు తిరుగు. నీకు అద్దం నేను."

"అయితే చెప్పు. ఎలా ఉన్నాను?"

ముడతలు పడ్డ ఆ మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాను.

"అచ్చం చిట్టెలుకలాగే ఉన్నావు," అన్నాను. "పాపిడే కాస్త వంకర."

చెల్లెలు కిసుక్కున నవ్వింది.