అన్నయ్య చుట్ట మానేశాడు

నా భార్య సుభద్రని చంపింది మా అన్నయ్య చుట్ట. ఊళ్లో ఉబ్బసం అన్నారు, ఆయుష్షు అన్నారు. అననివ్వండి.

అన్నయ్య లక్ష్మీనరసింహారావు. నూజివీడు దగ్గర మా ఇద్దరికీ ఒకటే ఇల్లు, ఒకటే మామిడితోట. ఇంట్లో అగ్గిపెట్టె ఉన్నా, మా నాన్న కాలం నుంచీ చుట్ట పొయ్యి నిప్పుతోనే వెలగాలి. "అమ్మాయ్, నిప్పు!" అని వసారాలోంచి కేకేసేవాడు. సుభద్ర పట్టకారుతో నిప్పు పట్టుకుని, ఆరిపోకుండా ఊదుకుంటూ తెచ్చేది. ఊదినప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు.

ఇంట్లో పొగ పనికిరాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట అన్నయ్యకి చెప్పాను. నవ్వాడు.

"కాయకి పొగ పెడితేనే పండవుతుంది. మనిషికేమవుతుందిరా? పొగ కఫాన్ని కోస్తుంది. మన కాయలు తిని బతికే డాక్టరు మనకి చెప్పొచ్చాడు!"

కాయల్ని గడ్డిలో కప్పి పొగబెట్టి మాగించడం మాకు అలవాటే. దాంతోనే మనిషినీ కొలిచాడు. వసారాలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. సుభద్ర కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి ఎంతకీ ఆగలేదు.

ఆ వానాకాలంలోనే పోయింది.

నేను ఇంటి మధ్య గోడ పెట్టించాను. పొగకి గోడ అడ్డమా? మా అమ్మాయి ప్రమీలారాణికీ తల్లి ఉబ్బసమే వచ్చింది. ముసునూరులో మా అత్తగారు వెంకాయమ్మ దగ్గర వదిలిపెట్టాను. ఆదివారాలు సైకిలు మీద వెళ్లి చూసొచ్చేవాణ్ణి. నేను బయలుదేరేటప్పుడు పిల్ల గుమ్మంలోకి వచ్చేది కాదు.

కొన్నాళ్లకి అన్నయ్య కాలి వేలు నల్లబడి పుండు పడింది. బెజవాడలో పెద్ద డాక్టరు, "చుట్ట కావాలా, కాలు కావాలా?" అని అడిగాడట. వస్తూ వస్తూ దారిలోనే చుట్టల కట్ట కాలవలో పారేశాడు. సుభద్ర ప్రాణానికి మానని చుట్ట, కాలి వేలికి మానాడు.

మొదట్లో మనిషి పిచ్చెక్కినట్టుండేవాడు. కంచాలు విసిరేవాడు. రోజంతా సోంపు నమిలేవాడు. తర్వాత పుండు మానింది, దగ్గు పోయింది. ఎక్కడా ఆగకుండా తోట చివరిదాకా నడిచేవాడు. నాలిక్కి రుచి తెలిసిందట. "ఇన్నేళ్లూ రసాలు తింటున్నాననుకున్నాను, గడ్డి తిన్నానయ్యా" అని ఊరంతా చెప్పుకున్నాడు.

"చుట్ట మానాక పెళ్లికొడుకులా ఉన్నావు బాబాయ్! పిన్నిని జాగ్రత్తగా ఉండమను" అని కుర్రాళ్లు ఆటపట్టించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఆ వేసవిలో మా అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కొడుకు వచ్చి చింతలపూడి తీసుకుపోతానన్నాడు. ఇక పిల్లని హాస్టల్లో వెయ్యాలి, లేదా ఇంటికి తేవాలి.

అన్నయ్య గోడ చుట్టు తిరిగి వచ్చాడు.

"రాణిని తీసుకొచ్చెయ్యరా పున్నారావూ."

"నీ పొగలోకా?"

"చుట్ట ముట్టి ఏడాది దాటింది. మీ వదినని అడుగు."

"వదిన నీ మాటే చెబుతుంది."

"అయితే నువ్వే చూసుకో" అని భుజం మీది కండువా తీసి నా ముఖాన కొట్టాడు. వాసన చూశాను. చెమట, మామిడి సొన. పొగ లేదు.

అయినా హాస్టలే అనుకుని ముసునూరు వెళ్లాను. అత్తగారు మంచం మీంచే అందుకుంది.

"మీ అన్నగారి మీద కోపం పిల్ల మీద తీర్చుకుంటారా అల్లుడు గారూ? హాస్టల్లో దానికి ఆయాసమొస్తే వీపు రాసేదెవరు?"

రాణి నా చొక్కా పట్టుకుంది. "పెదనాన్న నిజంగా మానేశాడా నాన్నా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "మానాడు."

"మరింకేంటి? ఇంటికి పోదాం."

తీసుకొచ్చాను. పిల్ల నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఊపిరి వినేవాణ్ణి. మాగేసిన గడ్డి దుమ్ముకి తుమ్మేది, అంతే. వానలు పట్టుకున్నాయి. తల్లిని తీసుకుపోయిన నెలలూ గడిచాయి. ఎప్పుడన్నా ఆయాసం వచ్చినా బిళ్లతో తగ్గేది. బడికి పరిగెత్తుకుంటూ పోయేది.

ఒకరోజు అలా పరిగెడుతున్న పిల్లని చూసి అన్నయ్య నా పక్కనొచ్చి నిలబడ్డాడు.

"నేను మానబట్టే కదరా, అది ఇంత హాయిగా ఉంది. ఇంకా కోపమేనా?"

"మానితే ఇంత హాయని సుభద్ర ఉండగా తెలీలేదా?"

కండువాతో కళ్లొత్తుకున్నాడు. నాకు జాలి వెయ్యలేదు.

"నువ్వు ముట్టనన్నాళ్లూ పిల్ల ఇక్కడే ఉంటుంది. పెదనాన్నా అని పిలుస్తుంది, నేను అడ్డం చెప్పను. దాని తల్లి సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."

ఆయన ఏదో అనబోయాడు. నేను తోటలోకి వెళ్లిపోయాను. ఆ తర్వాత బంధువులు అడిగారు, రాజీ చేద్దామని పెద్దమనుషులొచ్చారు. ఎవరికీ జవాబివ్వలేదు. ఇక ఇవ్వను కూడా. ఈ విషయం నా నోట ఇంకెవరూ వినరు.