రెండు దోశలంత సేపు

ఎడ్మంటన్‌లో జూన్ నెల సాయంత్రం ఏడున్నరకి కూడా ఎండ వంటగది వదలదు. బేబీ ఉల్లిపాయ చెక్కతో ఇనప పెనం రుద్ది, స్టవ్ వెలిగించకుండా, నోటుబుక్కు పక్కన పెట్టుకుని కూర్చునేది. పాలపుంత నడిమధ్య ఉన్న పెద్ద కృష్ణబిలం దగ్గర పరారుణ మెరుపు మెరిసినప్పుడల్లా ఆ పెనం దానంతటదే కాలుతుంది. కూతురు ధాత్రి యూనివర్సిటీలో కూర్చుని, చిలీలోని టెలిస్కోపుతో ఆ మెరుపులే చూస్తుంది. మధ్యలో దుమ్ము అడ్డమట; మామూలు వెలుగు రాదు, ఈ పరారుణమే దాటుకొస్తుంది. పెనం టైములు పంపమని ప్రొఫెసరే వారం వారం అడిగేవాడు.

ఆ ఏడాది ఊరినిండా మనవాళ్ల పిల్లలే, చదువులకొచ్చినవాళ్లు. బేబీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్న అమ్ములుకి కూడా ఏడాది తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. "మీ అమ్మాయి ఇంకా ఆ గుంతలోకే చూస్తోందా?" అని ఊళ్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే విశ్వేశ్వరరావు గారు నలుగురిలో నవ్వితే, డేటా సైన్సుకి మారిపోయిందని అబద్ధం చెప్పేసింది బేబీ. ఆయన నిజంగానే ధాత్రికి తన కంపెనీలో జాబ్ చూశాడు.

మంగళవారం రాత్రి యూనివర్సిటీ నుంచి ధాత్రి ఫోన్ చేసింది. తెరమీద పెద్దగా ఏదో మెరిసిందట. నిజమో, పరికరం లోపమో తెలియడం లేదు. పెనం కాలిందా?

"లేదే," అంది బేబీ. చేతిలో అట్లకాడ ఉంది.

నోటుబుక్కులో ఆ రోజు ఖాళీగానే ఉండిపోయింది. ఆ మెరుపు లేకపోతే ధాత్రి థీసిస్‌లో చెప్పుకోడానికి ఏమీ లేదు. శుక్రవారం పొద్దున్నే ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర ధాత్రి, చదువు మానేస్తున్నానని ప్రొఫెసర్‌కి మెయిల్ రాయడానికి కూర్చుంది. జాబ్‌లో చేరతాలే అమ్మా అంది, కోపం లేకుండా. కోరుకున్నదే అయినా బేబీ తన కాఫీ సింకులో పారబోసింది.

"మంగళవారం కాలింది," అంది ఇటు తిరక్కుండానే. "ఎనిమిదీ పదికి."

కీబోర్డు చప్పుడు ఆగింది.

"ఎంతసేపు?"

"రెండు దోశలంత సేపు. పిండి ఉంది కదాని వేశాను. అమ్ములు తింది."

తిట్టినా బాగుండుననిపించింది బేబీకి. ధాత్రి తిట్టలేదు.

"టెలిస్కోపుని అనుమానించాను గానీ, నీ పెనాన్ని అనుమానించలేదమ్మా."

బేబీ కుళాయి తిప్పింది, కట్టేసింది.

"మొదటి దోశ ఎలా వచ్చింది?"

"తెల్లగా."

"రెండోది?"

"మాడిపోయింది."

ధాత్రి లాప్‌టాప్ ఇటు తిప్పింది. తెరమీద గీత కొంచెం లేచి, పడి, మళ్లీ నిటారుగా పైకి లేచింది. రాసిన మెయిల్ చెరిపేసి, ప్రొఫెసర్‌కి ఆ రెండు దోశల సంగతి రాయడం మొదలుపెట్టింది.

బేబీ ఫోన్ తీసి విశ్వేశ్వరరావు గారి నంబర్ నొక్కింది. స్టవ్ మీద పెనం చల్లగానే ఉంది. బుగ్గలే కాలుతున్నాయి.