వంపు తీసేసిన రోడ్డు

ఇలా దగ్గరికి జరగండి. ఆ కారు తాళాలు పక్కన పెట్టి కాసేపు కూర్చోండి. రోజూ మీరు హ్యూస్టన్‌కి దూసుకుపోయే ఆ టోల్ రోడ్డు కింద ఎవరున్నారో చెబుతాను. ఇది ఓజెల్లా కథ, ఆమె తల్లి ఐడాబెల్ కథ.

అది మొదట రోడ్డే కాదు. మా నల్లవాళ్లు బానిసత్వం నుంచి బయటపడ్డాక ఈ బెతెల్ కార్నర్ ఊళ్లో కొనుక్కున్న పొలాల మధ్య, పత్తి మిల్లుకు కంచరగాడిదల బండ్లు పోయిన గాడి. ఓజెల్లా పుట్టేనాటికి దాని మీద కంకర పడింది. ఆమె పెళ్లినాటికి రాష్ట్రం వాళ్లు తారు పోసి ఒక నంబరు తగిలించారు. శ్మశానం దగ్గరకొచ్చేసరికి మాత్రం రోడ్డు మోచేయి వంచినట్టు పక్కకు తిరిగేది. ఆనాటి మేస్త్రీ మా ఊరివాడే. తన నాయనమ్మ మీదుగా రోలరు నడపనని భీష్మించుకున్నాడు. తర్వాత అది నాలుగు వరుసలయింది. పీచ్ తోటలు పోయాయి, చర్చి ముంగిలి సగం పోయింది, చుట్టూ అన్నీ ఒకే రంగు ఇళ్లు మొలిచాయి. వంపు మాత్రం మిగిలింది. ఆ వంపు లోపలే ఐడాబెల్ పడుకుని ఉంది. తల్లి పక్కనే ఓజెల్లా తనకూ చోటు ఉంచుకుంది.

ఓజెల్లాకు డెబ్బై దాటాక చర్చికి ఉత్తరం వచ్చింది. వంపు తీసేసి తిన్నగా టోల్ రోడ్డు వేస్తారట. దారిలో సమాధులుంటే తప్పించి వేస్తారట. చూసి రాసుకోవడానికి వచ్చే సోమవారం సర్వే మనిషి వస్తాడట.

"చూసి రాసుకుంటాడు, అంతేగా! అయితే అమ్మ కదలక్కర్లేదు," అంది ఓజెల్లా.

ఆడపడుచు వెర్లీన్ మూతి తిప్పింది. "అక్కడ గడ్డి చూశావా వదినా? నా మోకాళ్ల దాకా వచ్చింది. మనవాళ్లు దిక్కులేనివాళ్లనుకోడూ?"

"నీ మోకాళ్లెంతలే, కోడిపిల్లకి కూడా అందుతాయి. పదండి, చుట్టం వచ్చేలోపు శుభ్రం చేద్దాం."

మావాళ్ల సమాధుల మీద రాళ్లుండవు. ఒక్క పరక గడ్డి లేకుండా నేల గీకి, మట్టి కుప్ప చేసి, పైన గవ్వలు పేర్చి, పోయిన మనిషి ఆఖరుసారి తాగిన కప్పో, ఆగిపోయిన గడియారమో పెడతాం. ఐడాబెల్ మీద, మా ఆచారం ప్రకారం అడుగు పగలగొట్టిన నీలం కూజా ఉండేది. ఏడాదికోసారి అన్నీ తీసి కడుగుతాం. పాత కుప్పలు చదును చేసి నేలంతా ఊడ్చి, ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, కొత్త మట్టి పోసి తిరిగి పేరుస్తాం. గడ్డి పెరగనిచ్చామంటే చచ్చిపోయినవాళ్లని గాలికి వదిలేసినట్టే.

ఆ గురువారం మధ్యాహ్నానికి ఆడవాళ్లంతా కలిసి వంపు లోపలి నేలని తుడిచిన పళ్లెంలా చేశారు. గవ్వలూ కప్పులూ కూజా తొట్లకెత్తుకుని చర్చి వంటింట్లో కడుగుతున్నారు. అంతలో ఎండకు కందిపోయిన మనిషి ఒకడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"కాసిన్ని మంచినీళ్లిస్తారా అమ్మా? సర్వే పని మీద వచ్చాను."

"సోమవారం కదా రావాల్సింది?" అంటూనే ఓజెల్లా నిమ్మరసం అందించింది.

"అవతల పని తొందరగా తెమిలిందండీ. ఆ వంపు దగ్గర స్థలం మీ చర్చిదేనా?"

"మాదే నాయనా. చూశావా?"

"చూశాను. ఒక్క కలుపు మొక్క లేదు! ఎంత చదునుగా ఉంచారు!"

ఓజెల్లా ముఖం వెలిగిపోయింది. "అంతా మా చేతులతోనే గీకాం. శనివారం రా, అన్నీ పేర్చి ఉంటాయి. ఇంకా ముచ్చటగా ఉంటుంది."

"శనివారం మాకు సెలవమ్మా," అని నవ్వి, గ్లాసు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

అలా ఊడ్చిన నేల మీద నిలబడి కూడా అది శ్మశానమని తెలియని మనిషి ఉంటాడని ఆమెకు తట్టనే లేదు. అతనికి శ్మశానమంటే పచ్చగడ్డి, నిలబెట్టిన రాళ్లు. "ఖాళీ స్థలం, చదును చేసి ఉంది" అని రాసుకుపోయాడు.

ఆ మాట ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. మ్యాపు మీద ఎర్రగీత తిన్నగా పోయింది. ఓజెల్లా నీలం కూజాని ఒళ్లో పెట్టుకుని రోడ్డువాళ్లు పెట్టిన సభకి వెళ్లింది. మాట్లాడటానికి మనిషికి మూడు నిమిషాలన్నారు.

"ఇది మా అమ్మ మీద ఉండేదండీ," అని కూజా ఎత్తి చూపించింది.

బల్ల వెనక ఆఫీసరు, సర్వే మనిషి తీసిన ఫోటో తిప్పి చూపించాడు. బోడి నేల. "ఇందులో ఏ కూజా లేదు కదమ్మా?"

"కడుగుతున్నాం బాబూ," అంది ఓజెల్లా. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వెర్లీన్ లేచి ఆ నవ్వినవాణ్ణి కూర్చున్నచోటే కడిగిపారేసింది గాని, గీత మారలేదు.

ఊరంతా గొడవ చేస్తే చివరికి తవ్వి చూశారు. శవపెట్టె మేకులు దొరికిన పదకొండు మందిని తీసి, ఊరవతల కొత్త శ్మశానంలో పచ్చగడ్డి కింద పెట్టారు. ఐడాబెల్‌ని పెట్టెలో పెట్టలేదు. పేదరోజులు, ఆమె కుట్టిన బొంతలోనే చుట్టి దించారు. బొంత మట్టయిపోయింది, ఆమె కూడా మట్టయిపోయింది. ఏమీ దొరకలేదన్నారు. దొరకనిదాని మీద కాంక్రీటు పోశారు.

ఓజెల్లా టోల్ రోడ్డు ఎక్కనని ఒట్టు పెట్టుకుంది. పక్కనున్న ఉచిత రోడ్డు మీద ప్రతి సిగ్నలు దగ్గరా ఆగుతూనే తిరిగేది. ఏటా శుభ్రం చేసే రోజు వస్తే వెర్లీన్ కారులో చీపురు వేసుకెళ్లి, టోల్ రోడ్డు కంచె బయట జానెడు నేల ఊడ్చి, కూజా పెట్టి వచ్చేది. వారం తిరక్కుండా గడ్డి కోసే బండివాళ్లు దాన్ని తీసి పక్కన పడేసేవాళ్లు. మళ్లీ వెళ్లి తెచ్చుకునేది.

ఆఖరి ఏడాది ఆమెకు నడుం వంగలేదు. వెర్లీనే ఊడ్చింది. ఓజెల్లా కారులోంచి తలెత్తి, పైన టోల్ రోడ్డు మీద గాలి కోసుకుంటూ పోయే బండ్లని చూస్తూ కూర్చుంది.

వెర్లీన్ చీపురు దులిపి, "చూడు వదినా," అంది. "మీ అమ్మ మీద ఒక్క గడ్డిపరక లేదు."

ఓజెల్లా పకపకా నవ్వింది.

ఆమె పోయాక పూడ్చిపెట్టింది ఊరవతల గడ్డిలోనే. తల్లి పక్కన కాదు.

ఇక వెళ్లండి, మీకు పొద్దుపోతోంది. టోలు వసూలు చేసే కెమెరాల కమాను దాటాక, చర్చి శిఖరం కుడిచేతికి కనిపించే చోట, ఐడాబెల్ ఉంది. పేరు మరిచిపోకండి. కారులో పక్కన ఎవరుంటే వాళ్లకి చెప్పండి.