నడుముకు తెలియని తుపాకీ

పోయిన వారం పెట్రోలు బంకు దగ్గర ఒకడు కత్తి చూపించి నా పర్సు లాక్కుపోయాడు. లావు తూటాలు పేల్చే నా ఫార్టీ ఫైవ్ పిస్తోలు అప్పుడు ట్రక్కు సీటు కింద ఉంది. కూర్చుంటే పొట్టలో గుచ్చుకుంటోందని నేనే తీసి పెట్టాను. మళ్లీ అలా కాకూడదని తల్సా పట్నంలో తుపాకుల కొట్టుకు వెళ్లాను.

కొట్టు నడిపే లోర్నా జరిగిందంతా విని, సన్న తూటాలు పేల్చే ఒక చిన్న నైన్ ఎంఎం పిస్తోలు తీసి బల్ల మీద పెట్టింది. నా వెంట వచ్చిన స్నేహితుడు డెల్బర్ట్ పకపకా నవ్వాడు.

"ఒరేయ్ హార్లన్, ఆ సన్న తూటాకి ఉడుత కూడా చావదురా! మగాడన్నాక ఫార్టీ ఫైవే ఉండాలి."

"మరి ఆ లావు తూటా మొన్న ఎవణ్ణి ఆపిందయ్యా?" అంది లోర్నా. "హార్లన్, ఇది నడుముకు పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చో. కాఫీ ఇస్తాను, తాగడం అయ్యేదాకా లేవకు."

కూర్చున్నాను. వంగి బూటు తాళ్లు కూడా కట్టుకున్నాను. ఎక్కడా గుచ్చుకోలేదు.

"మీ ఆవిడ దానికి గులాబీ రంగు ఒర కుడుతుందిలే," అన్నాడు డెల్బర్ట్.

నా పెళ్లాం నన్ను వదిలేసి ఏళ్లయిందని వాడికి తెలుసు. అయినా నైన్ ఎంఎమ్మే కొన్నాను.

దారిలో మాత్రం మనసు నిలవలేదు. బరువే తెలియకపోవడంతో, అసలు ఉందో లేదోనని ప్రతి సిగ్నలు దగ్గరా చొక్కా కింద తడుముకుంటూనే ఉన్నాను.