తిరుమలమ్మ కాళ్లలో నీళ్లు

తెల్లవారగానే చంద్రిక చేసే మొదటి పని అత్తను తూకం వేయించడం. పులికాట్ సరస్సు ఒడ్డున రొయ్యలు కొనే షెడ్డులో పెద్ద కాటా ఉంది. బుట్టలు రాకముందే అత్త తిరుమలమ్మను మెల్లగా నడిపించుకుని పోయి దానిమీద నిలబెట్టేది. ఈ రోజు నన్నెంతకు కొంటావని తిరుమలమ్మ షెడ్డు వాడిని అడిగేది. వాడు రోజూ నవ్వేవాడు. ఇంటికొచ్చాక దినానికింతే అని కొలిచి పెట్టిన చెంబెడు నీళ్లు, ఉప్పులేని కూర, ఒంట్లో నీళ్లు దించే బిళ్ల. గుండె అలిసిపోయింది, ఒంట్లో చేరిన నీటిని తోడలేకపోతోంది, ఉప్పు నాలిక్కి తగలనివ్వొద్దని తిరుపతి డాక్టరు గట్టిగా చెప్పి పంపించాడు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి నిద్ర కూడా గోడకు దిండ్లు పేర్చుకుని కూర్చునే.

ఆ తర్వాత గిరి వచ్చేవాడు. చంద్రికకు మరిది వరస, పడవ నడుపుతాడు. గడప బయట చెప్పులు విడిచి, పెద్దమ్మ చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసేవాడు. సొట్ట వెంటనే పూడితే పడవలు దించుకోవచ్చు. అలాగే ఉండిపోతే నీళ్లు వెనక్కి తీసినట్టు, ఆ పూట వలలు బాగుచేసుకోవడమే. ఎందుకంటే తిరుమలమ్మ కాళ్లు వాచినప్పుడల్లా వాటిలో చేరేది ఆ సరస్సు నీళ్లే. బిళ్ల వేసుకుని ఆమె నాలుగుసార్లు పెరట్లోకి పోయొస్తే సరస్సు మళ్లీ ఒడ్డుకు వచ్చేది. ఊళ్లో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. కాపురానికొచ్చిన నాటి నుంచి నడుములోతు నీళ్లలో కూర్చుని చేత్తో రొయ్యలు ఏరిన మనిషి. ఆ నీళ్లకు ఆమె దగ్గర ఆమాత్రం చనువుండదా? బిళ్ల ఆలస్యమైతే మాత్రం అందరూ చంద్రిక మీద కేకలేసేవాళ్లు.

చంద్రిక మొగుడు మోహన్ మూడేళ్ల కిందట, తుపాను వచ్చిన రోజు, వలకు పోయి తిరిగి రాలేదు. పడవా రాలేదు. ఊరంతా వెతికింది. సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు లాక్కుపోయి ఉంటాయని కొందరన్నారు. పట్నంలో కాసిమేడు రేవులో పెద్ద బోటు ఎక్కుతుంటే చూశానని ఒక తాగుబోతు అన్నాడు. చంద్రిక తాగుబోతు మాటే నమ్మింది. పాపం, నమ్మక ఏం చేస్తుంది? నెలనెలా తడ బజారుకు పోయి తన ఫోనుతో పాటు మోహన్ నంబరుకూ రీచార్జి చేయించేది. చేయించకపోతే కంపెనీ వాళ్లు ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారని భయం. సాయంత్రం గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, ఆ నంబరుకు ఒకసారి చేసేది. స్విచాఫ్ అని ఆడగొంతు చెప్పడానికి ముందు కాసేపు ఏమీ వినపడదు చూడండి, ఆ కాసేపటి కోసమే ఆమె రోజంతా బతికేది.

పుట్టిల్లు సత్యవేడు నుంచి చంద్రిక అన్న రెండుసార్లు వచ్చి పిలిచాడు. వయసుంది, ఇంకో బతుకు చూసుకో అన్నాడు. అత్తను వదిలి ఎట్లా వస్తానంది చంద్రిక. గోడకానుకుని కూర్చున్న తిరుమలమ్మ ఆ మాట విన్నది. కోడలు వదల్లేకపోతున్నది తనను కాదని ఆమెకు తెలుసు. తలుపు చప్పుడైతే ఆ ఇంట్లో రెండు తలలూ ఒకేసారి తిరిగేవి మరి.

ఈ ఎండాకాలం తిరుమలమ్మకు దొంగబుద్ధి పుట్టింది. మొదట దిండు కింద ఉప్పుచేప ముళ్లు దొరికాయి. తర్వాత చీర కుచ్చిళ్లకు ఊరగాయ మరక. కుండలో నీళ్లు ఉన్నట్టుండి తగ్గడం మొదలైంది. చివరికి గోడ పగుల్లో దోపిపెట్టిన బిళ్లలు బయటపడేసరికి చంద్రికకు ఏడుపొచ్చింది.

"నేను గూడా నీతోపాటు సప్పిడి కూడే తింటాండా కదా అత్తా. నీకేం తక్కువ చేసినాను?"

"నోరు సచ్చిపోయిందమ్మా," అంది తిరుమలమ్మ తల దించుకుని.

చేపలు తెచ్చిచ్చింది పక్కింటి యశోదమ్మే అని తెలిసి చంద్రిక ఆమె గుమ్మంలోకి పోయి నానా మాటలూ అన్నది. నోటిధాటికి ఊళ్లో పేరుమోసిన యశోదమ్మ ఆ రోజు ఒక్క మాటకూ బదులివ్వలేదు. అప్పుడైనా చంద్రికకు అనుమానం రావాల్సింది.

వాపు మోకాళ్లు దాటింది, పొట్టకెక్కింది. సరస్సు వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది. పడవలన్నీ బురదలో పక్కకు ఒరిగాయి. పక్షులను చూద్దామని కార్లలో వచ్చిన వాళ్లు బురదను చూసి వెళ్లిపోయారు. ఒకనాటి పొద్దున తిరుమలమ్మ కాటా దాకా నడవలేకపోయింది. మంచం పట్టె పట్టుకుని, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాగుతోంది. చంద్రిక ఒక చేత్తో బిళ్ల పట్టుకుని ఇంకో చేత్తో ఆంబులెన్సుకు ఫోను చేయబోతుండగా గిరి వచ్చాడు. కాళ్లు నొక్కి చూడలేదు. గడప దగ్గరే నిలబడిపోయాడు.

"వదినా, మొగ దాకా నీళ్లు లేవు. ఆడ బురదలో ఒక పడవ ముక్కు కనపడతా ఉండాది."

చంద్రిక చెయ్యి ఆగిపోయింది. చేప ముళ్లు, గోడలో బిళ్లలు, యశోదమ్మ మౌనం అన్నీ ఒక్కసారి ఎదురొచ్చి నిలబడ్డాయి.

"ఇందుకా అత్తా?"

"పో మే. సూసి రా."

"ముందు బిళ్ల మింగు. నేను వచ్చేలోపల నీకేమన్నా అయితే?"

"మింగితే నీళ్లు ఎనక్కి వచ్చేస్తాయి. నువ్వొచ్చిందాకా పట్టుకోనుంటా. బిన్నా పో, జాగు చెయ్యొద్దు," అని తిరుమలమ్మ పళ్లు బిగించింది.

యశోదమ్మను అత్త పక్కన కూర్చోబెట్టి చంద్రిక పరిగెత్తింది. మోకాలిలోతు బురద. గిరి చెయ్యి పట్టుకుని లాగుతున్నా రెండుసార్లు పడింది, లేచింది. అది వేరే ఎవరి పడవో అయితే బాగుండునని కోరుకుంది. దగ్గరికి పోయేసరికి ఆకుపచ్చ రంగు కనిపించింది. ఆ రంగు వేసిన రోజు మోహన్ ఆమె ముక్కుకు కూడా కాస్త పూశాడు. పడవ లోపల, వలలో చుట్టుకుని, మోహన్ ఉన్నాడు. మూడేళ్లకు మనిషి ఎంత మిగులుతాడో అంతే మిగిలాడు. నడుము దగ్గర, పెళ్లిలో చంద్రిక నాయన పెట్టిన వెండి మొలతాడు ఉంది. కాసిమేడుకు పోలేదు, ఏ బోటూ ఎక్కలేదు. ఆమె ఫోను చేసిన ప్రతి సాయంత్రమూ ఇక్కడే, కూతవేటు దూరంలోనే ఉన్నాడు. చంద్రిక బురదలో కూలబడి గొంతు పోయేదాకా ఏడ్చింది. అప్పుడు గిరి, పెద్దమ్మ పట్టుకోనుంటానన్నది వదినా అని గుర్తుచేశాడు.

గిరి పైపంచెలో మోహన్‌ను మూటగట్టి ఇద్దరూ తెచ్చారు. తిరుమలమ్మ పెదాలు నల్లబడ్డాయి. కళ్లు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి.

"దొరికినాడా?"

"దొరికినాడత్తా."

మొలతాడును కాసేపు చేత్తో తడిమింది. తర్వాత నోరు తెరిచింది. చంద్రిక బిళ్ల వేసి, చెంబెత్తి నీళ్లు పోసింది. గిరి ఆంబులెన్సు పిలుస్తానంటే తిరుమలమ్మ వద్దని చెయ్యి ఊపింది.

సాయంత్రానికి నీళ్లు రావడం మొదలైంది. ఒరిగిన పడవలు ఒక్కొక్కటే నిటారుగా లేచాయి. తిరుమలమ్మ దిండ్లన్నీ తీసేయమన్నది. ఎన్నాళ్ల తర్వాతో వెల్లకిలా, కాళ్లు బారజాపుకుని పడుకుంది. చంద్రిక పక్కనే పడుకుని, చిన్నప్పుడు మోహన్ ఎట్లుండేవాడో ఆమె చెబుతుంటే వింటూ నిద్రపోయింది.

పొద్దున గిరి వచ్చి, అలవాటుగా చెప్పులు విడిచి, పెద్దమ్మ చీలమండ మీద బొటనవేలు పెట్టాడు. సొట్ట పడలేదు. కాళ్లు సన్నగా, చల్లగా ఉన్నాయి. అతడు వదిన మొహంలోకి చూశాడు.

"తెలుసు గిరీ," అంది చంద్రిక. "పడవలు దించుకోమను అందరినీ. ఒక్క బొట్టు గూడా దాపెట్టుకోకుండా ఇచ్చేసి పోయింది."

తల్లికీ కొడుక్కీ ఒకే రోజు కర్మలు జరిగాయి. ఆ నెలాఖరున చంద్రిక బట్టల సంచి పట్టుకుని తడ బజారులో ఫోన్ల అంగడి ముందు ఆగింది. అంగడి వాడు ఎప్పటిలాగే, రెండు నంబర్లకూ వేసేదేనా అక్కా అని అడిగాడు.

"ఒకదానికే," అంది చంద్రిక. చిల్లర తీసుకుని సత్యవేడు బస్సు ఎక్కింది.