బెత్తెడు పదును

ఏసేపు ఆ పేజీని మూడుసార్లు చదివాడు. మూడోసారికి చెవులు ఎర్రబడ్డాయి.

పుస్తకానికి అచ్చు వాసన ఇంకా పోలేదు. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయి ఏడాది నిండిందని సాహిత్య సంఘం వారు వేసిన ప్రత్యేక సంచిక అది. ఇరవై మూడో పేజీలో అతని పేరుంది. పేరులో ఏ తప్పూ దొర్లలేదు. కింద ఉన్న పాటే అతనిది కాదు.

అతను రాసిచ్చింది ఇది:

పదునొచ్చినాదమ్మ మా నేలకు
పదునొచ్చినాదమ్మా
బెత్తెడు లోతుకు వేలు దిగినాది
మడక గట్టరమ్మా

అచ్చయింది ఇది:

వాడి వచ్చినదమ్మ మా నేలకు
వాడి వచ్చినదమ్మా
బెత్తెడు లోతుకు బాకు దిగినది
కత్తి పట్టరమ్మా

పైన లావు అక్షరాల్లో పేరు కూడా పెట్టారు, 'రాయలసీమ కత్తి' అని.

"పేరు బాగుండాదే," అన్నాడు రంగన్న. అచ్చాఫీసు నుంచి సంచికల కట్ట మోసుకొచ్చింది అతనే. ఏసేపు హార్మోనియం వాయిస్తే తబలా కొట్టేదీ అతనే. "ఎవుర్ని పొడిచినావప్పా?"

"ముందు చదువు."

రంగన్న చదివాడు. ఆ తర్వాత వేళాకోళం చేయలేదు.

ఏసేపుకు ఇరవై రెండేళ్లు. ఓర్వకల్లు దగ్గరి పల్లెలో పుట్టాడు. గుడిలో కీర్తనల పుస్తకం చూసి అక్షరాలు నేర్చాడు, మిషను దొరగారు వదిలిపోయిన హార్మోనియం మీద స్వరాలు నేర్చాడు, కొత్తగా సున్నం కొట్టిన గోడల మీద బొగ్గుతో బొమ్మలు వేసి తన్నులు తిన్నాడు. ఇప్పుడు కర్నూల్లో అంగళ్లకు బోర్డులు రాస్తాడు, నాటకాలకు తెరలు వేస్తాడు, పాటలు కడతాడు. నీ పని ఏదిరా అంటే ఒకటి చెప్పలేడు. బొమ్మ వేస్తుంటే పాట వస్తుంది, పాట కడుతుంటే రంగులు కనపడతాయి. కానీ ఈ పాట అతను కట్టిందని కూడా అనలేం. వాళ్లమ్మ విశ్వాసమ్మ నోట్లోంచి ఊడిపడింది.

రెండేళ్ల కిందట, గంజి కేంద్రం ముందు ఊరు ఊరంతా ముంతలు పట్టుకుని నిలబడిన కరువు. దాని చివర ఒక పొద్దున వాన వెలిసింది. విశ్వాసమ్మ చేలోకి పరుగెత్తి, గొంతుకూర్చుని, చూపుడువేలు మట్టిలోకి దించింది. వేలు మొదలు దాకా దిగింది. "రేయ్ ఏసేపూ! పదునొచ్చినాదిరా నేలకు! బెత్తెడు పదును!" అని అరిచి, అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

ఆ సీమలో పదును అంటే అది. వాన నీళ్లు ఇంకి, మడక కట్టి దున్ని విత్తడానికి నేల సరిపోయేంత తడవడం. దాని కోసం అక్కడి జనం ఏళ్ల తరబడి మబ్బుకేసి చూస్తారు. అటువంటి మాట చేతికిస్తే కత్తి నూరి పెట్టాడు ఆ మహానుభావుడు!

మహానుభావుడంటే సంఘం కార్యదర్శి. ప్రభుత్వంతో పాటు కోస్తా నుంచి దిగిన పండితుడు, కాలవ నీళ్లు ఇంటి గుమ్మం దాకా వచ్చే ఊళ్లో పెరిగినవాడు. ఏసేపు రంగన్నను వెంటబెట్టుకుని వెళ్లేసరికి బడి మైదానంలో పందిరి కింద కుర్చీలకు గుడ్డలు తొడిగిస్తున్నాడు. సాయంత్రం సభకు ఇంకో గంటే ఉంది, మంత్రి వస్తున్నారు.

"అయ్యా, నా పాట మార్చినారు," అన్నాడు ఏసేపు.

"మార్చలేదోయ్, దిద్దాను. వచ్చినాది, దిగినాది అంటే మంత్రిగారి ముందు నవ్వులపాలవుతాం. అయినా పదును అన్నావు, వేలు దిగిందన్నావు. పదునుకు వేలు తెగుతుంది గాని దిగుతుందా? అందుకని బాకు పెట్టాను. ఇప్పుడు అర్థం కుదిరింది."

"పదునంటే తడి సామీ. విత్తనాల పదును."

"పదునంటే వాడి. నిఘంటువు చూసే దిద్దాను."

నిఘంటువులో ఆ రెండో అర్థమూ ఉండే ఉంటుంది. మొదటిదాని దగ్గరే ఆయన పుస్తకం మూసేశాడు. సీమవాడి నోట కత్తి తప్ప మరో మాట రాదని తీర్మానించుకున్నవాడికి రెండో అర్థంతో పనేముంది!

"మీవాళ్ల పౌరుషానికి ఇదే తగింది," అంటూ కార్యదర్శి అతని భుజం తట్టాడు. "సభలో అచ్చులో ఉన్నట్టే పాడు. నీకు ఇష్టం లేకపోతే వేరే వాళ్లు పాడతారు."

ఏసేపుకు ఆయన్ని కొట్టాలనిపించింది. మాటవరసకు కాదు, నిజంగానే. కొడితే ఆ కత్తి పాట నిజమైపోతుంది. అది తెలిసి మరీ మండింది. పిడికిళ్లు బిగించుకుని వేదిక వెనక్కి వచ్చేశాడు.

అక్కడ నేల మీద అతను పది రోజులు కూర్చుని వేసిన తెర పరిచి ఉంది. ఓర్వకల్లు రాతిగుట్టలు, వాటి కింద వానకు తడిసి నల్లబడిన చేను. ఆ రాళ్ల బదులు నాలుగు కొబ్బరిచెట్లు వేయరాదటయ్యా అని దానికీ సణిగాడు కార్యదర్శి.

తెర పక్కన విశ్వాసమ్మ నిలబడి ఉంది. ఉతికిన తెల్లచీర, చేతిలో సద్దిమూట. ఊరందరికీ చెప్పి బస్సెక్కినట్టుంది, ముఖం వెలిగిపోతోంది.

"నా మాట అచ్చేసినారంట కదరా. యాడుండాది? సూపీ, చెయ్యి పెట్టి సూస్తా."

ఆమెకు చదువు రాదు. బైబిలు కూడా అలాగే చదువుతుంది. కొడుకు చూపించిన వాక్యం మీద వేలు పెట్టి కళ్లు మూసుకుంటుంది.

ఏ మాట మీద వేలు పెట్టించినా ఆమెకు తెలియదు. బాకు మీద పెట్టించినా కళ్లకద్దుకుంటుంది. ఏసేపు సంచికను వీపు వెనక్కి తీసుకున్నాడు.

"ఈ పుస్తకంలో లేదుమా," అన్నాడు.

"మరి యాడుండాదిరా?"

"ఉండు."

సంచికను విసిరి కొట్టాడు. డబ్బాలో ఉన్నవాటిల్లో లావుపాటి కుంచె తీసి ఎర్రరంగులో ముంచాడు. చేను మీద, పది రోజుల కష్టం మీద, నిలువెత్తు అక్షరం ఒకటి రాశాడు. దాని పక్కన ఇంకొకటి. రంగు చింది చొక్కా మీద పడుతున్నా ఆగలేదు. ఎవడు దిద్దుతాడో దిద్దమను అనుకుంటూ మూడోది కూడా రాసి కుంచె కింద పారేశాడు.

"పాడవా అయితే?" అన్నాడు రంగన్న.

"పాడను. చదువొచ్చినోళ్లు చదువుకోనీ." తల్లి వైపు తిరిగాడు. "ఇదేమ్మా నీ మాట. పదును."

విశ్వాసమ్మ తెర పక్కన గొంతుకూర్చుంది, ఆనాడు చేలో కూర్చున్నట్టే. చూపుడువేలు నడిమి అక్షరం మీద పెట్టి నొక్కింది. వేలికి అంటిన రంగును బొటనవేలితో రాసి చూసింది, మట్టిని చూసినట్టు. పెద్దగా నవ్వింది.

"శానా పదునుండాదిరా!"

బయట కారు హారను మోగింది. కార్యదర్శి గేటు వైపు చూసుకుంటూనే లోపలికి పరుగెత్తుకొచ్చాడు. "మంత్రిగారొచ్చేశారు, తెర ఎత్తండి, త్వరగా!"

విశ్వాసమ్మ లేచి, సంబరంగా ఆయన ముఖం ముందు వేలు పెట్టింది. "సూడు సామీ, పదును!"

ఎర్రగా ఉన్న ఆ వేలు చూసి కార్యదర్శి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అయ్యయ్యో! ఎంత లోతు తెగిందమ్మా?"

"బెత్తెడు," అన్నాడు ఏసేపు. "ఎత్తు రంగన్నా, తెర."

రంగన్న తాడు లాగాడు.