సముద్రం వైపు గోడ

మోకాలి లోతు నీళ్లలో మా పాత వీధి వెంట నడుస్తున్నాను, ఆ వీధిని ఈమధ్యే సముద్రం మింగేసింది, అయినా గుమ్మాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, చూరుల కింద ఎండుచేపలు వేలాడుతున్నాయి, నీళ్లలో ఇవెలా ఎండుతున్నాయన్న అనుమానం నాకు రావడం లేదు. వీధి చివర తెప్ప మీద మా అన్న దానయ్య కూర్చుని ఉన్నాడు. వేటకెళ్లి తుపానులో పోయినవాడు, శవమైనా ఒడ్డుకు చేరనివాడు. చొక్కా మాత్రం పొడిగా ఉంది.

"వచ్చినావేట్రా సిన్నోడా," అంటాడు. "ఒడ్డేదిరా?"

"ఇదే అన్నియ్యా."

"ఇది కాదు. ఒడ్డయితే మన గోడ అవుపడాల."

అదీ నిజమే. మా ఇంటికి సముద్రం వైపున్న గోడకు ఏటా గంగమ్మ పండగ ముందు సున్నం వేసేవాళ్లం. వేటకెళ్లిన తెప్పలు దూరం నుంచి ఆ తెల్లగోడనూ, దాని వెనక ఒంటి తాడిచెట్టునూ ఒక వరసలోకి తెచ్చుకుని తిన్నగా వచ్చేవి. పక్కకు తప్పితే రాళ్లే. అన్న పోయాక కూడా అమ్మ ఆ సున్నం మాననివ్వలేదు. అమ్మ పోయాక నేనే మానలేకపోయాను.

"తాడి ఎప్పుడో కూలిపోనాది," అంటాను. "గోడ మొన్నటి పోటుకి పోనాది. మమ్మల్ని మెట్ట మీద కాలనీలో పడీసినారు."

"మరి మనోళ్లు ఏటి సూసుకుని వత్తన్నారు?"

"ఇప్పుడు తెప్పలెక్కడివి, అన్నీ ఇంజను బోట్లే. కుర్రోళ్లు సగం మంది గుజరాతెల్లిపోనారు. ఉన్నోళ్లు ఫోన్లో సూసుకుని వచ్చెత్తారు."

అన్న నవ్వుతాడు, ఆ నవ్వుకే కదిలినట్టు తెప్ప మా ఇంట్లోకి వచ్చి పొయ్యి దగ్గర ఆగుతుంది, పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది గాని అమ్మ లేదు.

"నాకు ఫోనెవుడిత్తాడ్రా?"

నాకు నవ్వు రాదు. "ఎన్నేళ్లు సున్నమేసినా నువ్వు రాలేదు. అలిసిపోనాను అన్నియ్యా."

"నానూ అలిసిపోనాన్రా. దగ్గరదాకా వత్తన్నాను, తెల్లగా ఏటీ అవుపడక ఎనక్కి పోతన్నాను." నా కుడి భుజం మీద చెయ్యి వేస్తాడు, చల్లగా, తడిగా ఉంది. "కొత్తింటికి సముద్రం వైపు ఏటుంది?"

"ఏటీ లేదు. గుమ్మం రోడ్డు వైపు. ఎనకాల ఉత్తి ఇటికల గోడ."

"అక్కడికి సముద్రం అవుపడుద్దా?"

నేనింకా చూడలేదని చెప్పబోతాను, కాని నీళ్లు గొంతుదాకా వచ్చేశాయి, తెప్ప గుమ్మం దాటి పోతోంది, అన్న వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

"లెగు, తెల్లారిపోనాది," అంటోంది మా ఆవిడ పోలమ్మ, చేతిలో చీపురు. "ఆ బుజమ్మీద ఏటది? గోడకి రాసుకుని పడుకున్నావేటి?"

చూసుకున్నాను. కుడి భుజం మీద తెల్లగా సున్నం. కొత్తింట్లో చేరుతున్నామని నిన్న లోపలి గోడకు వేసినది ఇంకా ఆరలేదు.

లేచి ఇంటి వెనక్కి వెళ్లాను. మెట్ట కింద, సరుగుడు తోపులు దాటి, సన్నగా గీత గీసినట్టు సముద్రం.

"సున్నం మిగిలిందేటే?"

"బాల్చీ అడుగున ఉంది. ఎనక గోడ ఎవులు సూత్తారని?"

బాల్చీ ఆ గోడ దగ్గరికి తెచ్చుకున్నాను. కుంచె తడిపాను.